నాన్ రిఫండబుల్ గారికి నమస్కరించి రాయునది

శ్రీయుత అప్లికేషన్ ఫీజు గారికి,

క్షేమమని తలుస్తానండి. మీకేం, వెళ్ళినచోట సుఖంగానే ఉంటారు, వెనక్కి తిరిగొచ్చే అలవాటు మీ వంశంలోనే లేదు కదా.

ఇవాళ పొద్దున్నే నేను పీహెచ్‌డీకి అప్లై చేసిన అమెరికా యూనివర్సిటీ నుంచి మెయిల్ వచ్చింది. మీ అప్లికేషన్‌లో అప్‌డేట్ ఉంది, పోర్టల్లో చూసుకోండి అని. ఆ అప్‌డేట్ ఏంటో మెయిల్లోనే రాస్తే ఎవరి సొమ్ము పోతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. లాగిన్ అవుదామంటే పాస్‌వర్డ్ ఎక్స్‌పైర్ అయిందంది, కొత్తది పెడితే పాతదానికి దగ్గరగా ఉందంది, ఫోన్‌కి కోడ్ పంపిస్తానంది, అది వచ్చేలోపు సెషన్ టైమౌట్ అంది, ఇంతా చేసి దడదడలాడే గుండెతో లెటర్ తెరిస్తే ఏముంది, బడ్జెట్ పరిస్థితుల వల్ల ఈ ఏడాది ఈ పీహెచ్‌డీ ప్రోగ్రామ్‌లోకి ఎవర్నీ తీసుకోవట్లేదు, మీ ఆసక్తికి ధన్యవాదాలు, మీ భవిష్యత్తు బాగుండాలి.

గమనించండి, నన్ను వద్దనలేదు. అసలు నన్ను చూడనేలేదు. రిజెక్ట్ అయితే ఓ పూట ఏడ్చి లేచేవాళ్ళం, మనకంటే బాగా చదివినోడెవడో ఉన్నాడులే అని సర్దిచెప్పుకునేవాళ్ళం. ఇక్కడ మనకంటే బాగా చదివినోడు కూడా నా పక్కనే నిలబడి అదే లెటర్ చదువుకుంటున్నాడు.

వాళ్ళ కష్టం నాకు తెలీక కాదండి. 2025 ఫిబ్రవరిలో ఎన్‌ఐహెచ్ వాళ్ళు, అదే వైద్య పరిశోధనకి డబ్బిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ, రీసెర్చ్ గ్రాంట్ల మీద ఓవర్‌హెడ్, అంటే బిల్డింగులు, ఆఫీసుల్లాంటి ఖర్చులకిచ్చేది, 15 శాతం మించి ఇవ్వం అని ప్రకటించినప్పట్నుంచీ అమెరికాలో యూనివర్సిటీలకి నిద్ర లేదు, కోర్టులు దాన్ని ఆపినా భయం పోలేదు, ఆ వసంతంలోనే కొన్నిచోట్ల పీహెచ్‌డీ సీట్లు కోశారు, కొన్నిచోట్ల అడ్మిషన్లు మధ్యలో ఆపేశారు, ఇచ్చిన ఆఫర్లు వెనక్కి తీసుకున్నవాళ్ళూ ఉన్నారు. డబ్బుల్లేవు, సీట్లు లేవు, ఒప్పుకుంటాం. ఆఫర్ వెనక్కి తీసుకోవచ్చు, సీటు వెనక్కి తీసుకోవచ్చు, ప్రోగ్రాం మొత్తాన్నే వెనక్కి తీసుకోవచ్చు. వెనక్కి రానిదల్లా ఒక్క మీరే.

ఎందుకు రారో కనుక్కుందామని అడ్మిషన్స్ ఆఫీసుకి రాశాను. ఎంతో వినయంగా రాశానండి, ఎందుకు చదవాలనుకుంటున్నానో చెప్పే ఎస్‌ఓపీ కూడా అంత శ్రద్ధగా రాసి ఉండను. అయ్యా, ప్రోగ్రామే లేనప్పుడు ఫీజు వెనక్కి ఇచ్చే అవకాశం ఏమైనా ఉందా అని. నెలల తరబడి ట్రాన్‌స్క్రిప్ట్, అదే నా మార్కుల పత్రం, అందిందా లేదా అని అడిగితే పలకని ఆఫీసు, దీనికి మాత్రం కాఫీ చల్లారేలోపు జవాబిచ్చింది. అప్లికేషన్ ఫీజు వెనక్కి ఇవ్వబడదు, ఎందుకంటే అది మీ అప్లికేషన్‌ని ప్రాసెస్ చేయడానికి అయ్యే ఖర్చు.

ప్రాసెస్!

ఏం చేశారండీ ప్రాసెస్? నాకు తెలిసినంతలో ఆ పనంతా చేసింది నేను. ట్రాన్‌స్క్రిప్ట్ స్కాన్ చేసి అప్‌లోడ్ చేసింది నేను. చేశాక, మంచిది, ఇప్పుడు అందులో ఉన్న ప్రతి కోర్సూ మళ్ళీ చేత్తో టైప్ చేయండి అంటే చేసింది నేను. డిగ్రీలో చదివిన సబ్జెక్టులన్నీ ఒక్కోటి ఒక్కో వరుసలో, కోడు, పేరు, క్రెడిట్లు, గ్రేడు, ఏ సెమిస్టరు, పేరు పెద్దదైతే డబ్బాలో పట్టదు, సగంలో నరికేస్తుంది, "ఇంట్రడక్షన్ టు" దాకా వచ్చి ఆగిపోయిన సబ్జెక్టులు నా అప్లికేషన్‌లో వరసగా ఉన్నాయి, దేనికి ఇంట్రడక్షనో దేవుడికే తెలియాలి. ఇక గ్రేడుల దగ్గర పైన ఎర్రక్షరాల్లో ఉంటుంది, మీ మార్కుల్ని అమెరికన్ స్కేల్లోకి మార్చకండి, ఉన్నవి ఉన్నట్టే రాయండి అని. సరేనని ఉన్నది ఉన్నట్టు పదికి ఎనిమిది చిల్లర రాస్తే కింద డబ్బా ఒప్పుకోదు, 4.00 కంటే ఎక్కువ చెల్లదు అంటుంది. మార్చకూడదు, మార్చకుండా ఉండకూడదు. ఆ రెండు లైన్లూ రాసినోళ్ళిద్దరూ ఒకే ఆఫీసులో కూర్చుంటారని, ఇద్దరి జీతాల్లోనూ నా వాటా ఉందని తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

రికమెండేషన్ లెటర్లు తెచ్చింది కూడా ప్రొఫెసర్ల కాళ్ళావేళ్ళా పడ్డ నేనే. పాపం వాళ్ళు, ఒక్కో యూనివర్సిటీకి ఒక్కో లింకు, ఒక్కో అకౌంటు, ఈ విద్యార్థి టాప్ ఒక శాతమా, అయిదు శాతమా, పదా అని ఒకటే గళ్ళు, ఉత్తరం రాయడం కన్నా ఆ గళ్ళు నింపడానికే ఎక్కువ టైమ్. ఆ లింకు స్పామ్‌లోకి పోతే రిమైండర్ పంపాల్సింది మళ్ళీ నేనే.

ఇంత చేశాక ఆఖర్న పేమెంట్ పేజీ దగ్గర మీ దర్శనం. బ్యాక్ నొక్కకండి, రిఫ్రెష్ చేయకండి, ఊపిరి బిగపట్టండి. కార్డు డిక్లైన్ అయితే ఒక భయం, అవ్వకపోతే ఇంకో భయం, డబ్బు కట్ అయ్యి పోర్టల్లో మాత్రం "ఫీజు డ్యూ" అని కనిపిస్తే, ఇక ఆ రాత్రి అప్లికెంట్ పడే బాధ పగవాడికి కూడా వద్దు, డెడ్‌లైనేమో 11:59కి, అది కూడా వాళ్ళ టైమ్ జోన్‌లో.

ఇంకోటి. మీరు అందరి దగ్గరా ఒకేలా ఉండరని కూడా తెలిసిందండి. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో డిగ్రీకి అప్లై చేస్తే 2025 ఫాల్ సెమిస్టర్‌కి ఒక్కో క్యాంపస్‌కి అక్కడివాళ్ళకి 80 డాలర్లు, బయటి దేశం వాళ్ళకి 95. ఆ ఎక్స్‌ట్రా 15 దేనికో, నా అప్లికేషన్ కూడా అదే ఇంటర్నెట్ మీద అదే సర్వర్‌కి పోతుంది, ఓడెక్కి రాదు కదా. సరే స్తోమత లేనివాళ్ళకి ఫీజు మాఫీ ఉందంటే ఆశగా ఆ పేజీ తెరుస్తాం, మొదటి లైన్లోనే విదేశీ విద్యార్థులకి వర్తించదు అని ఉంటుంది. ఇదేం ఆ ఒక్క చోటే కాదు, పీజీ, పీహెచ్‌డీ చదివించే చాలా గ్రాడ్ స్కూళ్ళదీ ఇదే వరస, మాఫీ పౌరులకి, పర్మనెంట్ రెసిడెంట్లకి. అంటే డాలర్లలో సంపాదించేవాడికి డాలర్లు కష్టం, మనకి మాత్రం మంచినీళ్ళు.

పోనీ లోకమంతా ఇంతేనా అంటే అదీ కాదు. స్వీడన్‌లో యూరప్ బయటివాళ్ళు 900 క్రోనార్లు ఒక్కసారి కడతారు, ఒకే అప్లికేషన్‌లో నాలుగు మాస్టర్స్ ప్రోగ్రాములు పెట్టుకోవచ్చు, వేరే వేరే యూనివర్సిటీలవైనా సరే. బ్రిటన్‌లో డిగ్రీకి యూనివర్సిటీలన్నిటికీ ఒకే అప్లికేషన్ తీసుకునే యూకాస్ ద్వారా అయితే 2025 ఎంట్రీకి 28.50 పౌండ్లు, దానికే అయిదు చాయిస్‌లు. అక్కడ కూడా మనుషులే కూర్చుని ప్రాసెస్ చేస్తున్నారు కదండీ, లేక పూనకం వచ్చి ఫ్రీగా చేస్తున్నారా?

మీ చుట్టాల సంగతి ఇప్పుడెత్తను, ఎత్తితే తెల్లారుతుంది. డిగ్రీ అంతా ఇంగ్లీషులో చదివినా ఇంగ్లీషొచ్చని నిరూపించే పరీక్ష ఒకటి, ఆ స్కోరు రెండేళ్ళకి మురిగిపోతుంది. గ్రాడ్ స్కూళ్ళకి రాసే జీఆర్‌ఈ పరీక్ష రాసిన రోజు నాలుగు యూనివర్సిటీలకి ఫ్రీగా పంపుతాం అంటారు, స్కోరు చూసుకుని తీరిగ్గా ఆలోచించి పంపుదామంటే ఒక్కోదానికీ మీ తమ్ముడు తయారు. సీటొచ్చాక విదేశీ విద్యార్థుల రికార్డుల కోసమని సెవిస్ ఫీజు 350 డాలర్లు, వీసా ఫీజు 185, ఇవీ మీ గోత్రమే, వీసా రాకపోయినా ఇంటికి రావు. ఎస్‌ఓపీలో మీ దేశంలో పరిశోధన చేసి ఉద్ధరిస్తానని రాయాలి, వీసా ఇంటర్వ్యూ కిటికీ దగ్గరికెళ్ళాక చదువైపోగానే పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చేస్తానని నమ్మించాలి, నమ్మలేదా 214(బి) సెక్షన్ కింద వీసా లేదని ఓ కాగితం ముక్క.

వాటిమీద నాకంత కోపం లేదు, నిజంగా. పరీక్ష పెట్టారు, రాశాం. ఇంటర్వ్యూ అన్నారు, రెండు నిమిషాలైనా మొహం చూశారు. ఏదో ఒకటి జరిగింది. మీ దగ్గరే ఏమీ జరగలేదు. సినిమా ఆట రద్దయితే టికెట్ డబ్బులు ఇస్తారండీ, ప్రొజెక్టర్ తిప్పడానికి మేం రెడీ అయ్యాం కాబట్టి ఇవ్వం అని ఏ థియేటర్ వాడూ అనడు. ఈ ప్రోగ్రాం సంగతి చూస్తే, డిసెంబర్‌లో డెడ్‌లైన్ దాకా ఫీజు కట్టించుకున్నారు, వెబ్‌సైట్లో అప్లై నౌ అని బటన్ వెలుగుతూనే ఉంది, జనవరిలో మీ ట్రాన్‌స్క్రిప్ట్ పేజీ మసగ్గా ఉంది మళ్ళీ పంపండి అన్నారు, నేను పంపాను కూడా! సీట్లు ఉంటాయో లేదో తెలీని డిపార్ట్‌మెంట్‌కి నా మార్కుల కాగితం మసగ్గా ఉంటే ఏంటి, తళతళలాడితే ఏంటి?

చెప్పవేం? హోలిస్టిక్ రివ్యూ అన్నావు, ప్రతి అప్లికేషన్‌నీ మనిషిని మనిషిగా చూసి చదువుతాం అన్నావు, ఆ ముక్క చూపించే కదా డబ్బు గుంజావు. ఎవరు చదివారు? ఏ పేజీ? నా ఎస్‌ఓపీలో మొదటి పేరా ఎన్ని రాత్రులు మార్చానో నీకేం తెలుసు, దాన్ని ఒక్క మనిషి, ఒక్కడంటే ఒక్కడు, కనీసం విసుక్కుంటూ అయినా చదివాడని చెప్పు, ఇప్పుడే నోరు మూసుకుంటాను. చదవలేదు. తెరవలేదు. అలాంటప్పుడు దాన్ని ప్రాసెసింగ్ ఫీజు అనకు, దక్షిణ అను, చందా అను, కనీసం నిజాయితీ అయినా ఉంటుంది.

కోపంలో నువ్వు అనేశాను, క్షమించండి. ఏం చేస్తాం, వచ్చే సీజన్‌లో మళ్ళీ మీ గుమ్మంలోనే నిలబడాలి, పాత అప్లికేషన్ చెల్లదట, కొత్త అకౌంటు, కొత్త ఫామ్, కొత్త ఫీజు. అందుకే ఈసారి ముందే జాగ్రత్తపడదామని ఈ మధ్యాహ్నమంతా కూర్చుని లిస్టులో ఉన్న డిపార్ట్‌మెంట్లన్నిటికీ ఒకటే ప్రశ్న మెయిల్ చేశాను, ఫీజు కట్టక ముందే చెప్పండి, వచ్చే ఫాల్‌కి అసలు విద్యార్థుల్ని తీసుకుంటున్నారా లేదా అని. కొందరు పలకలేదు. ఒక పెద్దాయన మాత్రం మాకే తెలీదమ్మా, నవంబర్ దాకా ఆగి మళ్ళీ అడుగు, తొందరపడి కట్టకు అని రాశాడు, ఆయన చల్లగా ఉండాలి. మిగతావాళ్ళంతా కూడబలుక్కున్నట్టు ఒకటే జవాబు, సీట్ల గురించి ఇప్పుడే చెప్పలేం, కానీ మీరు అప్లై చేయాలని గట్టిగా ప్రోత్సహిస్తున్నాం అంట.

ప్రోత్సహించరూ మరి.