డబ్బు పెదనాన్నది, పుస్తకం మాత్రం వాళ్ళదట

మా పెదనాన్న పుస్తకాల పార్సిల్ నా చేతులతోనే విప్పాను. 25 కాపీలు. ఆయన నరసరావుపేట దగ్గర హైస్కూల్లో 31 ఏళ్ళు తెలుగు చెప్పి రిటైరయ్యారు, ఇప్పుడు 76 ఏళ్ళు. వేంకటేశ్వరుడి మీద 108 సీసపద్యాలు రాసుకున్నారు, ఆరేళ్ళు పట్టింది. మొదటి పేజీ తిప్పగానే 'శ్రీ' అన్న అక్షరం రెండు ముక్కలై 'శ్‌రీ' అని కనిపించింది. తర్వాతి పేజీలోనూ అంతే, పుస్తకం పొడుగునా ఒత్తులన్నీ విడిపోయి, పొల్లు బయటికొచ్చి, చదవడానికి వీల్లేకుండా ఉంది. వేసినవాళ్ళలో తెలుగు చదవగలిగిన మనిషి ఒక్కరు కూడా లేరని అప్పుడు అర్థమైంది. పెదనాన్న ఏమీ అనలేదు. ఎర్ర పెన్ను తెచ్చుకుని కూర్చుని ఒక్కో కాపీలో ఒక్కో తప్పూ దిద్దడం మొదలుపెట్టారు. నాలుగు రోజులు దిద్దారు, 25 కాపీలూ.

దీనికి ఆయన కట్టింది 43,500. ఒక్కసారిగా కాదు. ఫేస్‌బుక్‌లో మీ పద్యాలు చూశాం సార్, మీలాంటివాళ్ళు వెలుగులోకి రావాలి అని పుస్తకాలు వేసే ఒక సంస్థ నుంచి ఫోన్ వచ్చింది. ప్యాకేజీ 25,000 అన్నారు, ఈ రోజే కడితేనే ఈ రేటు అన్నారు. తర్వాత ఐఎస్‌బీఎన్‌కు, అంటే పుస్తకం మీద వేసే గుర్తింపు నంబరుకు 5,000, ఆ తర్వాత ప్రమోషన్‌కు 7,000, చివరికి ఏదో అవార్డుకు ఎంపికయ్యారు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి అని 6,500. అన్నీ ఫోన్‌పేలోనే. ఆయన పెన్షన్‌లోంచి.

రచయితను డబ్బు అడిగేవాడల్లా మోసగాడే అని ఇంగ్లీషు రాసేవాళ్ళు ఒక సూత్రం చెప్తారు. డబ్బు రచయిత దగ్గరికి రావాలి కానీ రచయిత దగ్గర్నుంచి పోకూడదంటారు. బాగుంది కానీ మన దగ్గర ఆ సూత్రంతో మోసగాణ్ణి పట్టుకోలేం. తెలుగులో మంచి మంచి కవులు కూడా సొంత డబ్బుతోనే వేసుకుంటారు, ఇది అందరికీ తెలిసిందే. డీటీపీకి (కంప్యూటర్‌లో టైప్ చేసి పేజీలు కట్టడానికి) ఇంత, కవర్‌కు ఇంత, అచ్చుకు ఇంత అని ప్రెస్సాయన లెక్క చెప్తాడు, డబ్బు తీసుకుంటాడు, 500 కాపీలూ కట్టలు కట్టి ఆటోలో ఎక్కిస్తాడు. ఆ కట్టలు మంచం కింద పదేళ్ళున్నా సరే, అందులో మోసం లేదు. డబ్బు పెట్టింది మనం, కాపీలు మనవి, ఫైలు మనది, హక్కులు మనవి.

వీళ్ళు చేసేది అది కాదు. డబ్బు మనతోనే పెట్టించి పుస్తకం వాళ్ళ దగ్గర ఉంచుకుంటారు. నేను కోపంగా ఉన్నది ఇక్కడే. పెదనాన్న సంతకం పెట్టిన ఒప్పందం అడిగి చదివాను. ఇంగ్లీషులో ఆరు పేజీలు, ఆయన జీవితమంతా తెలుగు చెప్పిన మనిషి, చివరి పేజీలో సంతకం పెట్టేశారు. అందులో ఏముందంటే, ప్రపంచమంతటా, అన్ని భాషల్లో, అన్ని రూపాల్లో, కాపీరైట్ ఉన్నంత కాలం హక్కులు వాళ్ళకే. మన చట్టంలో కాపీరైట్ అంటే రచయిత జీవితకాలం, ఆ పైన ఇంకో 60 ఏళ్ళు. 25 కాపీలిచ్చి అంత కాలం రాయించుకున్నారు. ఇంకో కాపీ కావాలంటే 300 రూపాయల పుస్తకం 'ఆథర్ ప్రైస్' 210కి కొనుక్కోవాలి. వేయించింది ఆయనే, కొనుక్కోవలసిందీ ఆయనే!

మామూలుగా అయితే 1957 కాపీరైట్ చట్టం రచయిత పక్షానే ఉంటుంది. హక్కులు ఇచ్చామంటే రాతపూర్వకంగా ఉండాలి, ఎన్నేళ్ళకో రాయకపోతే 5 ఏళ్ళకే, ఎక్కడికో రాయకపోతే భారతదేశం వరకే ఇచ్చినట్టు. అందుకే వీళ్ళు 'ప్రపంచమంతటా', 'ఉన్నంత కాలం' అని వెతికి వెతికి రాసుకుంటారు. ఎవరైనా ఒప్పందం పంపితే ఆ రెండు మాటల కోసం చూడండి. ఇంగ్లీషు రాకపోతే మీ పిల్లలకో మనవలకో చూపించండి, అందులో నామోషీ ఏమీ లేదు. డబ్బు కట్టే ముందే అడగండి: కాపీలు ఎన్నిస్తారు, ప్రింట్ ఫైలు నాకిస్తారా, అచ్చుకు ముందు తప్పులు దిద్దే ప్రూఫు నేను చూస్తానా, మానుకోవాలంటే ఎలా మానుకోవాలి. వీటికి వాట్సాప్‌లో రాసి జవాబివ్వకుండా, ఫోన్ చేసి తియ్యగా మాట్లాడతామంటే అక్కడే ఆగిపోండి.

ఐఎస్‌బీఎన్ సంగతి ఇంకా బాధ. మన దేశంలో అది ఉచితం. ఢిల్లీలో రాజా రామ్మోహన్ రాయ్ పేరుతో ఉన్న జాతీయ ఏజెన్సీ, కేంద్ర విద్యాశాఖ కింద, ఆన్‌లైన్‌లో అప్లై చేసుకుంటే ఇస్తుంది, సొంతంగా పుస్తకం వేసుకునే రచయిత కూడా అడగొచ్చు. దానికి 5,000 తీసుకున్నారు. కాపీరైట్ రిజిస్ట్రేషన్ అని కూడా వేలకు వేలు అడుగుతారు. రాసిన క్షణం నుంచే హక్కు మనది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కావాలనుకున్నా సాహిత్య రచనకు ప్రభుత్వ ఫీజు 500.

అవార్డులంటారా, సాహిత్య అకాడెమీ అవార్డు వస్తే లక్ష రూపాయలు వాళ్ళే ఇస్తారు. మనం డబ్బు కడితే వచ్చేది అవార్డు కాదు. పెదనాన్నకు ఆ తర్వాత గౌరవ డాక్టరేట్ ఇస్తామని కూడా ఫోన్ వచ్చింది, 30,000 అట. ఆ యూనివర్సిటీ పేరు నేనెప్పుడూ వినలేదు. డిగ్రీ ఇచ్చే అధికారం చట్టప్రకారం ఏర్పడ్డ యూనివర్సిటీలకే ఉంటుంది, నకిలీ యూనివర్సిటీల జాబితా యూజీసీ తన సైట్‌లో పెడుతుంది. రెండు నిమిషాల పని, చూసుకోండి.

ఇది మన దగ్గరే జరుగుతోందని కాదు. అమెరికాలో 2025 మొదట్లో బయటికొచ్చిన కేసులో 800 మందికి పైగా రచయితల దగ్గర 4 కోట్ల 40 లక్షల డాలర్లకు పైగా తీసుకున్నారని ముగ్గురి మీద అభియోగం మోపారు. మీ పుస్తకం సినిమా తీస్తారు, దానికి ముందు ఈ ఫీజు, ఆ ఫీజు అని. పోగొట్టుకున్నవాళ్ళలో పెద్దవయసువాళ్ళే ఎక్కువ. అక్కడున్న మనవాళ్ళు ఇంగ్లీషులో రాస్తున్నారు కాబట్టి చెప్తున్నాను, ఇప్పుడు వచ్చే మెయిళ్ళు మీ కథలో పాత్రల పేర్లతో సహా మెచ్చుకుంటాయి. ఏఐతో అలాంటి మెచ్చుకోలు క్షణంలో రాయించొచ్చు. చదివి కళ్ళు చెమర్చినా సరే, చివర్లో ఫీజు అడిగారా లేదా అనేది చూడండి.

డబ్బుకన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది, పెదనాన్న ఈ సంగతి పెద్దమ్మకు కూడా చెప్పకపోవడం. "ఎవరితోనూ అనకమ్మా, మాస్టారే మోసపోయాడంటారు" అన్నారు నాతో. వాళ్ళకు కావలసింది ఇదే కదా. ఈయన నోరు మూసుకుంటే రేపు పక్క ఊరి మాస్టారికి ఫోన్ వెళ్తుంది. ఆయన ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. డబ్బు పోగానే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది. పుస్తకం వేసి పాడుచేశారు, చెప్పింది చెయ్యలేదు అంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. స్క్రీన్‌షాట్లు మాత్రం చెరిపెయ్యకండి.

మా విషయంలో ఆ ఒప్పందంలోనే 60 రోజుల నోటీసుతో రద్దు చేసుకోవచ్చని ఒక లైను దొరికింది. నోటీసు పంపి, రద్దయిందని మెయిల్ తెప్పించుకున్నాం. ఫైలు ఇవ్వమంటే 8,000 అడిగారు, ఆ ఫైలు ఎందుకు పనికొస్తుందని వదిలేశాం. గుంటూరులో ఒక డీటీపీ అబ్బాయి ఆ ఎర్ర పెన్ను కాపీ పక్కన పెట్టుకుని మళ్ళీ మొదట్నుంచి టైప్ చేస్తున్నాడు. పెదనాన్న నరసరావుపేట నుంచి బస్సెక్కి వెళ్ళి ఆ అబ్బాయి పక్కన స్టూలు మీద కూర్చుంటున్నారు. 'శ్రీ' బాగానే పడింది. 41వ పద్యంలో బండి ఱ ఉండాల్సిన చోట మామూలు ర పడిందని రెండో ప్రూఫు తిప్పి పంపారు. సోమవారం మూడోది చూస్తారు.