ఇప్పుడేం చేస్తున్నావ్?

నిన్న పెళ్లిలో అరిటాకు ముందు కూర్చున్నానో లేదో, పక్కాయన మొదలెట్టాడు. "ఏం బాబూ, ఇప్పుడేం చేస్తున్నావ్?" పప్పు కలుపుకుంటున్నానండీ! అలా అనలేం కదా. "ట్రై చేస్తున్నా అంకుల్" అన్నా. "ఏం ట్రై?" గుత్తివంకాయ చల్లారిపోతోంది, ఆయన ప్రశ్నలు మాత్రం వేడివేడిగా దిగుతున్నాయి.

అసలు మెకానికల్ తీసుకుంది నేనా? ఎంసెట్ ర్యాంకు చూసి ఇంట్లోవాళ్లే ఆప్షన్లు పెట్టేశారు. నాలుగేళ్లు డ్రాయింగ్ బోర్డు మోశాక "జావా నేర్చుకో, అమీర్‌పేట వెళ్లు" అన్నారు. వెళ్లా. మైత్రీవనం దగ్గర కోచింగ్ కరపత్రాలు పంచే కుర్రాణ్ని పలకరిస్తే, వాడూ బీటెక్కే! ఫ్రెషర్లు కావాలంటారు, రెండేళ్ల అనుభవం అడుగుతారు. అనుభవం ఎక్కడ దొరుకుతుంది, కిరాణా కొట్లోనా?

పోనీ గవర్నమెంటు ఉద్యోగమా? మా రూమ్మేట్ తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబరులో రాశాడు. పేపర్ లీకు, రద్దు. 2023 జూన్‌లో మళ్లీ రాశాడు. అదీ రద్దు! 2024లో కొత్త నోటిఫికేషన్, మళ్లీ మొదటి పేజీ. గీతల మీద గీతలు గీసి వాడి పాలిటీ పుస్తకం చిరుగులు పట్టింది.

నాకేం ఇష్టమో ఒక్కరైనా అడిగారా? (అడిగితే చెప్పలేను, అది వేరే సంగతి.) ఇన్నేళ్లూ అడిగింది మార్కులేగా!

ఈలోగా పెరుగు వచ్చింది. "ఎంఎస్‌కి వెళ్లొచ్చుగా, మావాడు డాలస్‌లో..." అంటూ ఆయన మళ్లీ ఇటు తిరిగాడు. పెరుగు వేసుకోకుండానే ఆకు మడిచేశా.