మేకే కదా, గుచ్చుకోనివ్వండి!

వేలు తెగగానే డాక్టరు దగ్గరికి పరిగెత్తేవాళ్లకు పోపుల పెట్టె మీద అంత అపనమ్మకం ఎందుకో! కోతలో చెంచాడు కాఫీ పొడి కూరితే రక్తం కనబడదు. కనబడని రక్తం ఆగినట్టే లెక్క. తర్వాత ఆ పొడిని కడిగి తీయలేక నర్సమ్మ తిట్టుకుంటే, అది ఆవిడ డ్యూటీ.

కుళాయి కింద కడిగి, శుభ్రమైన గుడ్డ పెట్టి, పది పదిహేను నిమిషాలు ఎత్తి చూడకుండా నొక్కిపట్టాలట. నిమిషానికోసారి తీసి చూడకపోతే మనకు తోచొద్దూ? చూసినప్పుడల్లా అప్పుడే గడ్డకట్టిన రక్తం ఊడొస్తుంది, అది వేరే విషయం. అంతసేపు నొక్కినా ఆగకపోయినా, చిమ్ముతున్నా, అంచులు విడిపోయి పచ్చటి కొవ్వు కనబడినా వెంటనే వెళ్లాలి. కుట్లు ఆరు నుంచి ఎనిమిది గంటల్లో పడితే మేలు. వేలు మడత పడకపోతే, కొసన స్పర్శ పోతే లోపల నరమో, కండను ఎముకకు కట్టే స్నాయువో తెగి ఉండొచ్చు. మనం మాత్రం 'బెణికింది' అని జండూబామ్ రాస్తాం.

కోతకు కనీసం రక్తం కార్చి హెచ్చరించే మర్యాదైనా ఉంది. మేకు పోటుకు అదీ లేదు. చెప్పు తొలుచుకుని పాదంలోకి అంగుళం దిగుతుంది, పైకి కందిగింజంత మచ్చ, ఒక్క బొట్టు రక్తం. మేకును పీకేస్తాం. అది వెంటబెట్టుకెళ్లిన రబ్బరు తునక, మట్టి లోపలే ఉండిపోతాయి. పైన తోలు మూసుకుంటుంది. ధనుర్వాతం క్రిమి కోరుకునేది సరిగ్గా అలాంటి గాలాడని చోటే. పాపం, తుప్పుకు ఊరికే చెడ్డపేరు! ఆ క్రిమి ఉండేది మట్టిలో, పేడలో. తళతళలాడే కొత్త మేకైనా పశువుల కొట్టంలో దొరికితే చాలు.

"ధనుర్వాతం రాకుండా టీటీ సూది వేయించుకున్నావురా?"

"మొన్నేగా పెదనాన్నా!"

ఆ మొన్న పదో తరగతిలో. మట్టి, పేడ అంటిన గాయానికి చివరి సూది పడి ఐదేళ్లు దాటితే మళ్లీ వేయించుకోవాలి. శుభ్రమైన చిన్న కోతకైతే పదేళ్లు. ఇప్పుడు సర్కారు ఆస్పత్రుల్లో ఇచ్చేది టీడీ, అంటే ధనుర్వాతానికీ డిఫ్తీరియాకూ కలిపి వేసే సూది, అదీ పనికొస్తుంది. మూడు రోజులైనా ఏమీ కాలేదని మురిసిపోకండి, ధనుర్వాతం బయటపడడానికి మూడు వారాలు కూడా పట్టొచ్చు.

షుగరున్నవాళ్లు ఇంకా ధీమాగా ఉంటారు. పాదంలో స్పర్శ తగ్గాక నొప్పి ఎక్కడిది? వాళ్లకు చిన్న పోటైనా ఆస్పత్రి దారే.

మిగతావాళ్లు గాయం చుట్టూ ఎరుపు అంచున పెన్నుతో గీత గీసి చూడండి. ఎరుపు గీత దాటినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా ఆ పూటే బయల్దేరాలి. మంగళవారమైనా సరే.