వెటకారానికి వరద ముప్పు

గోదావరి డెల్టాకి ముప్పులు కొత్త కాదు. 1986 వరద చూశాం, 1996 తుపాను చూశాం, కొబ్బరి ధర పడిపోవడం చూస్తూనే ఉన్నాం. వాటికైతే కనీసం నష్టపరిహారం అనే మాటొకటి ఉంది. ఇప్పుడొచ్చిన ముప్పుకి దరఖాస్తు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియడం లేదు. మా కోనసీమ కుర్రాళ్లలో కొందరికి వెటకారం అర్థం కావడం మానేసింది.

నవ్వకండి, ఇది ఆస్తి నష్టం. ఇక్కడ రెండెకరాల తోట లేకపోయినా మనిషి బతుకుతాడు. ఎదుటివాడు "ఆయ్, తమరు చెప్పాక తిరుగుందాండీ" అన్నప్పుడు అది మర్యాదో చురకో పోల్చుకోలేకపోతే మాత్రం బతకలేడు. ఆ తేడా మాటలో ఉండదు. కనుబొమ్మ దగ్గరో, పెదవి చివరో ఉంటుంది.

మా వీధి చివరి కుర్రాడు మొన్న మిట్టమధ్యాహ్నం గంజాయికి ఎర్రబడ్డ కళ్లతో కాలవగట్టు టీకొట్టుకి వచ్చాడు. "లేచారా బాబూ? తమరు లేస్తే గానీ నడినెత్తి దాటనని సూర్యుడు భీష్మించుకున్నాడు" అన్నాను. నలభై ఏళ్లుగా సాన పెట్టుకున్న విద్య అది. వాడు పైకి చూసి, "ఎండగానే ఉంది కదా బాబాయ్" అన్నాడు. టీకొట్టంతా మౌనం. నాకింతటి అవమానం ఎన్నడూ జరగలేదు.

ఆ సాయంత్రం వాళ్లమ్మ నవ్వుతూ పూతరేకులిస్తే కన్నెత్తి చూడలేదట. పక్కింటావిడ ఎండపొడకి మొహం చిట్లిస్తే మాత్రం "నన్నెందుకలా చూస్తారు?" అని గొడవేసుకున్నాడట.

ఇది మావాడి సొంత ప్రతిభేమో అనుకున్నాను. కాదట. 2016లో అమెరికాలోని కొలరాడో స్టేట్ యూనివర్సిటీ వాళ్లు తలకి ఎలక్ట్రోడ్లు తగిలించి మొహాల ఫొటోలు చూపించారు. గంజాయి వాడేవాళ్ల మెదడు కోపపు మొహాలకి ఎక్కువగా, నవ్వు మొహాలకి తక్కువగా స్పందించింది. ఈ మొహంలో ఏ భావముందని సూటిగా అడిగితే చెప్పగలిగారు. ఆ మొహం ఆడదో మగదో చూడమని చెప్పి, తర్వాత భావం అడిగితే వెనకబడ్డారు. అంటే ఎవరూ చెప్పకుండా పట్టుకోవాల్సిన చోటే దెబ్బ. ఎవరూ చెప్పకుండా పట్టుకోవాల్సింది ఇంకేముంటుందండీ, వెటకారం కాక? ఒక్క పరీక్షతో గంజాయే కారణమని తేలిపోదు, ఒప్పుకుంటాను. టీకొట్టు కోర్టులో మాత్రం తీర్పు వచ్చేసింది.

లోపల జరిగేది డెల్టా రైతుకి చెప్పడం తేలిక. గంజాయిని పోలిన సరుకొకటి మెదడు తనకి కావలసినంత తనే తయారుచేసుకుంటుంది. 1992లో జెరూసలేంలో దాన్ని కనిపెట్టినవాళ్లు మన ఆనందాన్నే అరువు తీసుకుని ఆనందమైడ్ అని పేరు పెట్టారు. (రాయల్టీ ఇంకా అందలేదు.) అది దాళ్వాకి, అంటే రెండో పంటకి, వదిలే నీళ్ల లాంటిది. వంతులవారీగా, కావలసిన చేనుకి కావలసినంత వదిలి, పనవగానే కట్టేస్తారు. భయాన్నీ కోపాన్నీ తూచే అమిగ్డాలా అని బాదంపప్పంత భాగం ఒకటుంది. అందులోనూ ఈ నీటికి తూములున్నాయి (డాక్టర్లు రిసెప్టర్లంటారు). గంజాయిలో మత్తెక్కించే టీహెచ్‌సీ కూడా ఆ తూముల్లోంచే దూరుతుంది, కాకపోతే నీళ్లు వదిలే లస్కరుని అడగదు. వంతూ లేదు, వేళా లేదు, ధవళేశ్వరంలో మూడో ప్రమాద హెచ్చరికే. రోజూ వరదొస్తే మెదడు మాత్రం ఏం చేస్తుంది? తూములు తగ్గించేసుకుంటుంది. ఆ తర్వాత సొంత నీళ్లు వదిలినా శివారు పొలానికి చేరవు. వాళ్లమ్మ పూతరేకులు శివారు పొలం.

"మనశ్శాంతి కోసం బాబాయ్" అంటాడు వాడు. వాడి మనశ్శాంతి మొదలైనప్పటి నుంచీ వీధిలో ఇంకెవరికీ అది లేదు.

కాలవలకైనా వేసవిలో కొన్నాళ్లు నీళ్లు కట్టేసి పూడిక తీస్తారు. మెదడు స్కాన్లు తీసినవాళ్ల లెక్కలో ఆ గడువు దాదాపు నాలుగు వారాలు. అన్నాళ్లు మానేస్తే చాలా భాగాల్లో తూములు మామూలు సంఖ్యకి వస్తాయట. ఈలోగా నిద్ర పట్టదు, ఊరందరి మీదా చిరాకు. వాళ్లమ్మ మానసిక ఆరోగ్యానికి సర్కారు పెట్టిన ఫోన్ సాయం టెలిమానస్ 14416కి ఫోన్ చేసి, వాడికి రిసీవరిచ్చి గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

ఇప్పుడు రెండో వారం నడుస్తోంది. నిన్న పొద్దున్నే సంచీ పట్టుకుని ఎదురొచ్చాడు. "తమరే బయల్దేరారా? కబురు పెడితే వంకాయలే నడిచొచ్చేవి కదండీ" అన్నాను. ఆగాడు. నా మొహంలోకి తేరిపార చూశాడు. చూసి, అమ్మనాబూతులు తిట్టాడు.

వాడి టీ డబ్బులు కూడా నేనే ఇచ్చేశాను.