"నెలలో వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు": ఆ సందేశంలోని ఆరో అంశం గురించి ముఖ్యంగా

ఈ నెలలో ఆ సందేశం నాకు రావడం ఇది నాలుగోసారి. "గేమింగ్ ఛానల్‌కు 30 రోజుల్లో 1,000 మంది సబ్‌స్క్రైబర్లు: ఏడు రహస్యాలు" అనే శీర్షికతో, ప్రతి అంశం ముందూ ఒక మంట బొమ్మతో, యూట్యూబ్‌లో ఆటలు ఆడి చూపించే పిల్లల కోసమని వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. మూడుసార్లు చూసి వదిలేశాను. నాలుగోసారి పంపినవాడు ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న మా పిన్ని కొడుకు. కింద ఒక ప్రశ్న కూడా జోడించాడు: "అన్నా, ఆరోది చేసేయమంటావా? వాళ్లు ముందే డబ్బులిస్తారట." ఆ ప్రశ్న చదివాక ఊరుకోలేక రాస్తున్నాను.

సబ్ ఫర్ సబ్ గ్రూపుల్లో చేరి, నువ్వు నాకు చేస్తే నేను నీకు చేస్తానని ఒప్పందం పెట్టుకోమన్నది మొదటి అంశం. అలా వెయ్యి మందిని పోగు చేయవచ్చు. అయితే వారిలో ప్రతి ఒక్కరూ తమ ఛానల్ కోసం వచ్చినవారే గాని మన ఆట చూడడానికి వచ్చినవారు కారు. మానిటైజేషన్‌కు, అంటే యూట్యూబ్ ప్రకటనల ఆదాయంలో వాటా రావడానికి, వెయ్యి మంది ఒక్కటే చాలదు, వీడియోల మీద నడిచే ఛానల్‌కు గడిచిన 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ కూడా ఉండాలి. అంటే 2,40,000 నిమిషాలు. ఒక్కో వీక్షణ సగటున నాలుగు నిమిషాలు సాగుతుందని ఉదారంగా అనుకున్నా 60,000 వీక్షణలు కావాలి. ఐదు సెకన్లు తెరిచి మూసేసే వెయ్యి మందితో ఈ లెక్క ఏనాటికీ తెగదు. దాన్ని పూరించడానికే కాబోలు, వాచ్ అవర్స్ కొనుక్కోమని ఐదో అంశం చెబుతుంది. కొన్న గంటలనూ, పరస్పర సబ్‌స్క్రిప్షన్లనూ యూట్యూబ్ నకిలీ స్పందనగానే పరిగణిస్తుంది. గూగుల్‌కే డబ్బు కట్టి ఇచ్చిన ప్రకటనల వల్ల వచ్చిన వీక్షణలను సైతం ఆ 4,000 గంటల్లో కలపదు.

రెండో అంశం వీడియోకు యాభై ట్యాగులు, అంటే వెతికేవారికి దొరకాలని జోడించే పదాలు, పెట్టమంటుంది. వీడియోను జనం కనుగొనడంలో ట్యాగుల పాత్ర చాలా తక్కువని యూట్యూబ్ తన సహాయ పేజీలోనే రాసుకుంది. ఆ సమయాన్ని శీర్షిక మీదా థంబ్‌నెయిల్ మీదా పెట్టడం మేలు. హిట్ సినిమా పాటలను నేపథ్యంలో వేయమనే మూడో అంశం పాటిస్తే, హక్కులున్న పాటలను గుర్తించే యూట్యూబ్ వ్యవస్థ కంటెంట్ ఐడీ పట్టుకుంటుంది, ఆ వీడియో మీద వచ్చే ఆదాయం పాట హక్కులున్న కంపెనీకి పోతుంది.

ఫోన్‌లో ఆడే తుపాకుల ఆట బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) తప్ప మరొకటి ఆడవద్దని నాలుగో అంశం. 2020 సెప్టెంబరు 2న పబ్‌జీ మొబైల్‌ను కేంద్రం నిషేధించింది. దాని స్థానంలో 2021 జూలైలో వచ్చిన బీజీఎంఐని 2022 జూలై 28న యాప్ స్టోర్ల నుంచి తీసేశారు. అది తిరిగి వచ్చేసరికి 2023 మే అయింది. ఈ మధ్యలో, 2022 ఫిబ్రవరిలో, అలాంటిదే అయిన ఫ్రీ ఫైర్ ఆట కూడా నిషేధానికి గురైంది. ఇంత చరిత్ర కళ్లెదుటే ఉండగా ఒక్క ఆట మీదే ఛానల్‌ను నిలబెట్టమని పిల్లలకు ఎలా చెబుతారు? నా ఛానల్ చిన్నదే. అందులో ఎక్కువ మంది చూసింది క్లచ్‌ల (ఓడిపోయే స్థితి నుంచి గెలిచిన ఘట్టాల) మాంటేజ్ కాదు, దిమ్మెలతో కట్టడాలు కట్టే మైన్‌క్రాఫ్ట్ ఆటలో, కరెంటు తీగలా పనిచేసే రెడ్‌స్టోన్‌తో దానంతట అదే తెరుచుకునే తలుపు ఎలా కట్టాలో తెలుగులో నిదానంగా చెప్పిన పది నిమిషాల వీడియో. ఎవరికో ఆ అవసరం పడింది, వెతికారు, దొరికింది.

ఇక ఆరో అంశం. "వెయ్యి మంది వచ్చేదాకా ఆగనక్కర్లేదు. కలర్ ప్రిడిక్షన్, రమ్మీ యాప్‌ల లింకు డిస్క్రిప్షన్‌లో పెట్టండి. ఒక్కో డిపాజిట్‌కు కమీషన్. అందరూ చేసేదే."

ఇవి రాబోయే రంగును ఊహించమనో, పేకాడమనో డబ్బు పెట్టించే యాప్‌లు. ఈ కమీషన్ ఎక్కడి నుంచి వస్తుందో ఆ సందేశం రాసినవారు చెప్పలేదు. ఇలాంటి ఒప్పందాల్లో ఒక రకం ఉంటుంది: మన లింకు ద్వారా చేరినవాడు పోగొట్టుకున్న దానిలో మనకు కొంత వాటా. అంటే మన వీడియో కింద "అన్నా, బాగా ఆడావు" అని రాసిన కుర్రవాడు ఓడిపోతేనే మనకు డబ్బు. వాడు పెట్టేది చాలాసార్లు వాడి సొమ్ము కూడా కాదు. కాలేజీ ఫీజుకని తండ్రి పంపినదో, అమ్మ ఫోన్‌పేలో ఉన్నదో అయి ఉంటుంది. చిన్న ఛానల్‌ను చూసే పదిమందీ మనల్ని నమ్మి వస్తారు. ఆ నమ్మకాన్నే అమ్మమంటున్నారు, దానికి "రహస్యం" అని పేరు పెడుతున్నారు.

చట్టం సంగతీ చెప్పాలి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం నైపుణ్యం, అదృష్టం అనే తేడా చూడకుండా అలాంటి ఆటల ప్రకటనలకు రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చని చెబుతుంది. అదే ఏడాది మార్చిలో పంజాగుట్ట, మియాపూర్ పోలీసులు బెట్టింగ్ యాప్‌లను ప్రచారం చేశారంటూ సినీ నటుల మీదా యూట్యూబర్ల మీదా కేసులు పెట్టారు. గూగుల్ ధ్రువీకరణ లేని జూదపు సైట్లకు లింకు ఇవ్వడమే కాదు, వాటి గుర్తు చూపించడం, నోటితో పేరు చెప్పడం కూడా కుదరదని యూట్యూబ్ ఆ నెలలోనే నిబంధన బిగించింది. పేరున్న నటుల మీదే కేసులు పడినప్పుడు, పదిహేడేళ్ల పిల్లవాడికి "అందరూ చేసేదే" అని ఎవరు పూచీ ఇస్తున్నారు? ఈ సందేశాన్ని ముందుకు పంపిన నా స్నేహితులందరూ చదువుకున్నవారు, వారిలో ఇద్దరికి పిల్లలున్నారు. ఈ అంశం చదివి కూడా పంపారా, చదవకుండానే పంపారా? ఏది నిజమైనా నాకు కోపంగానే ఉంది. మా తమ్ముడికి మాత్రం ఫోన్ చేసి, ఆరోది చేయవద్దని, ముందే డబ్బు పంపుతామన్న ఆ మనిషి నంబరును బ్లాక్ చేయమని చెప్పాను.

ఏడో అంశాన్ని కూడా కొట్టిపారేద్దామనే మొదలుపెట్టాను. "చూసేవారి సంఖ్య సున్నా అని కనబడుతున్నా మాట ఆపకండి" అన్నదే అది, లైవ్‌లో ఆడేటప్పటి గురించి. ఖాళీ గదిలో మాట్లాడడం ఏమిటని నేను మొదటి ఏడాదంతా మౌనంగా ఆడాను. తరువాత నా పాత లైవ్ స్ట్రీములను వరుసగా చూసుకుంటే, అప్పుడప్పుడూ ఒకరు వచ్చి అర నిమిషంలో వెళ్లిపోవడం కనిపించింది. వచ్చినవారికి అక్కడ వినడానికి ఏమీ లేదు. అందుచేత ఈ ఒక్క మాట సరైనదేనని ఒప్పుకుంటున్నాను. ఇప్పుడు ఏ దిమ్మె ఎందుకు పెడుతున్నానో పైకే చెబుతూ ఆడుతున్నాను. అలా మొదలుపెట్టిన రెండో వారంలో, చూసేవారు సున్నా అని ఉన్నచోట ఒకటి కనబడింది, చాట్‌లో రెడ్‌స్టోన్ పరికరమొకదాని గురించి ఒక ప్రశ్న వచ్చింది: "అన్నా, రిపీటర్ ఏ వైపుకు తిప్పి పెట్టాలి?"