ఆ రెండు పాదాలకు ముందు

ప్రవాస తెలుగు సంఘాల మహాసభల సీజన్ వచ్చిందంటే ముఖ్య అతిథులతోపాటు గురజాడ కూడా విమానం దిగుతాడు. "దేశమంటే మట్టి కాదోయ్, దేశమంటే మనుషులోయ్" అనగానే హాలంతా చప్పట్లు. తీరా చూస్తే అది సగం చరణమే. ముందు సగం ఇది: "సొంతలాభం కొంత మానుకు పొరుగువాడికి తోడుపడవోయ్." పొరుగువాడికి ఎందుకు తోడుపడాలంటే, దేశమంటే అతనే కాబట్టి. చెయ్యాల్సిన పనిని వదిలేసి కారణాన్ని మాత్రం మైకులో వినిపిస్తున్నారు.

ఇంకో మూడు చరణాలు వెనక్కి వెళితే నవ్వొస్తుంది. "దేశాభిమానం నాకు కద్దని వట్టి గొప్పలు చెప్పుకోకోయ్, పూని ఏదైనాను ఒక మేల్ కూర్చి జనులకు చూపవోయ్." ముప్పావుగంట తమ దేశభక్తి గురించి చెప్పుకుని, చివర్లో ఈ గేయాన్నే సాక్ష్యానికి పిలుస్తారు!

2025 ఫిబ్రవరి 1న బడ్జెట్ ప్రసంగంలో నిర్మలా సీతారామన్ ఆ "దేశమంటే మట్టి కాదోయ్" పాదాలను తెలుగులోనే చదివారు. సంతోషం. వెంటనే చెప్పిన ఇంగ్లిష్ అర్థంలో మాత్రం "మట్టి మాత్రమే కాదు" అని వచ్చింది. గురజాడ "మాత్రమే" అనలేదు. వందేమాతరం ఉద్యమం నేలను తల్లిగా కొలిచిన రోజులు వెళ్లీ వెళ్లకముందే, 1910 ప్రాంతంలో, ఆయన మట్టి "కాదోయ్" అని తెగేసి చెప్పాడు. "మాత్రమే" చేర్చగానే ఆ తెగువ పోయి మట్టికీ ఒక వాటా దక్కింది.

మన ప్రవాసులకు బాగా నచ్చే మరో పాదం, "అన్ని దేశాల్ క్రమ్మవలెనోయ్, దేశి సరుకుల నమ్మవలెనోయ్". దీన్ని "స్వదేశీ వస్తువుల మీద నమ్మకం ఉంచాలి" అని వివరించేవారున్నారు. అక్కడున్నది "నమ్మ" కాదు. సరుకులన్ + అమ్మవలెను, సంధి కలిసి "సరుకుల నమ్మవలెను" అయింది. దేశదేశాలకూ వెళ్లి సరుకు అమ్మమంటున్నాడు. అనుమానముంటే తర్వాతి పాదం చూడండి: "డబ్బు తేలేనట్టి నరులకు కీర్తి సంపద లబ్బవోయ్." నమ్మకంతో డబ్బు రాదు కదా.

"దేశభాషలందు తెలుగు లెస్స" సంగతీ అంతే. ఆముక్తమాల్యదలో ఆ మాట ఆంధ్రవిష్ణువు రాయలకు కలలో కనిపించి చెప్పింది. ఆ దేవుడి ఊరు కృష్ణా జిల్లా శ్రీకాకుళం, ఉత్తరాంధ్రలోది కాదు. రాజులందరితో వాళ్ల వాళ్ల భాషల్లో మాట్లాడినవాడివి, నీకు తెలియదా అంటాడు దేవుడు. అంటే నాలుగు భాషలు ఎరిగినవాడికి చెప్పిన మాట అది. తెలుగు తప్ప మరో దేశభాష ముక్క రానివాళ్లూ దాన్ని ఢంకా బజాయించి చెబుతున్నారు.

కార్యవర్గాలకు ఒక సూచన. అతిథి చేతికి ఇచ్చే కార్డు మీద రెండు పాదాలు కాకుండా రెండు చరణాలూ పెద్ద అక్షరాల్లో, ఆయన చూపుకి ఆనేలా అచ్చువేయండి. చదవడానికి అర నిమిషం పట్టదు. "వట్టి గొప్పలు చెప్పుకోకోయ్" దగ్గర ఆయన కాస్త తడబడితే తడబడనివ్వండి, పక్కనుంచి అందించకండి.