మా డబ్బుకి వాళ్ల గడువేంటి?

ముందే డబ్బు కట్టి క్రెడిట్ కొనిపెట్టుకోండి, కట్టినదానికి కొంత కలిపి ఇస్తాం, టికెట్లు చవగ్గా పడతాయి అంటారు విమాన సంస్థలవాళ్లు. పాప ఢిల్లీలో చదువుతోంది, ఎటూ వెళ్లక తప్పదు కాబట్టి కట్టాం. తీరా టికెట్ తీయబోతే, ఆ క్రెడిట్ టికెట్ ధరకే చెల్లుతుందట! సీటుకీ, అదనపు సామానుకీ మళ్లీ కార్డు తీయాలట. గడువు దాటితే మొత్తం పోయినట్టే. కట్టింది మా కష్టార్జితం కదండీ!

పోనీ విమానం మా గుమ్మం ముందు ఎక్కుతామా? దగదర్తి విమానాశ్రయం మాట ఏళ్లుగా వింటూనే ఉన్నాం. నెల్లూరు నుంచి చెన్నైకో రేణిగుంటకో చేరాలి. తెల్లారుజాము విమానమైతే రాత్రికే కారు మాట్లాడుకోవాలి. టికెట్ మీద మిగిలిందానికీ కారు ఖర్చుకీ చెల్లుకు చెల్లు.

రద్దయిన టికెట్ డబ్బును క్రెడిట్‌గా ఉంచుకోవడం ప్రయాణికుడి ఇష్టమని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనే చెబుతోంది. కరోనా రద్దుల విషయంలో 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు, ఆ క్రెడిట్‌ను ఇంకొకరికి బదిలీ చేసుకోవచ్చని కూడా చెప్పింది. మరి నమ్మి ముందే డబ్బు చేతిలో పెట్టినవాళ్లకి ఆ మాత్రం మర్యాద ఉండదా? మా ఆయనకి సెలవు దొరక్కపోతే, అదే క్రెడిట్ మీద మా అత్తమ్మని మనవరాలి దగ్గరికి పంపనివ్వరు!